రొసీనా ఇంటి పొగ

రొసీనా ఫైకెర్ట్ పోయిన వారానికి మా సంఘం పత్రికలో ఐదు వరుసలు వేశారు. "సౌమ్యురాలు, మితభాషిణి, పెద్దల మాట జవదాటని ఇల్లాలు" అని. చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. మాట జవదాటని ఇల్లాలట! రాసిన కుర్ర పాస్టరు మా డకోటాకు వచ్చి రెండేళ్లు కాలేదు. చనిపోయిన ఆడదానికి ఏ మాటలు వేయాలో అతని దగ్గర ఒక పట్టీ ఉంటుంది కాబోలు. కిందటేడు ముసలి బార్బరాకు కూడా ఇవే మాటలు వేశాడు. ఆవిడ బతికున్నన్నాళ్లూ మొగుణ్ని చీపురుతో తరిమేది.

అందుకని నేనే రాస్తున్నాను. నా పేరు సలోమీ. డెబ్బై ఆరేళ్లు. యాభై ఏళ్లకు పైగా రొసీనా ఇంటికి అర మైలు దూరంలో బతికాను. ఆవిడ పొయ్యి ఎప్పుడు రాజేసిందో, ఎప్పుడు ఆర్పిందో నాకు తెలుసు. పాస్టరుకు తెలియదు.

ఆవిడ పుట్టింది ఒడెస్సా దగ్గరి మా జర్మన్ ఊళ్లలో. మా ముత్తాతలు రష్యా రాజుగారి మాట నమ్మి జర్మనీ వదిలి అక్కడికి పోయారు. మీ పిల్లల్ని సైన్యంలోకి పిలవం, మీ నేల మీది అన్నారట. మునిమనవల కాలం వచ్చేసరికి తుపాకులు పట్టమన్నారు. రాజుల మాటలు నీటిమీద రాతలు. మళ్లీ మూటలు కట్టాం. రొసీనా మొగుడు యోహాన్నెస్, చంకలో రెండేళ్ల కూతురు ఒటీలియా, నెత్తిమీద ఈకల పరుపు, ఇదీ వాళ్ల ఆస్తి. సరిహద్దులో జవాను ఆ పరుపు మీద చెయ్యి వేశాడట. రొసీనా దాన్ని నేలమీద పడేసి, దానిమీద కూర్చుని, "లేపగలిగితే లేపు" అందట. వెనక రెండొందల మంది వరసలో ఉన్నారు. గంటసేపు చూసి వాడే విసిగి పొమ్మన్నాడు. యోహాన్నెస్ ఈ కథ చెప్పినప్పుడల్లా, "నేను సిగ్గుతో చచ్చిపోయాను" అని కడుపుబ్బ నవ్వేవాడు. మంచివాడు యోహాన్నెస్. పెళ్లాం పొగరు చూసి మురిసిపోయే మగవాణ్ని మా ఊళ్లో అతనొక్కణ్నే చూశాను.

అమెరికాలో ఈ డకోటాకొచ్చి నూట అరవై ఎకరాలకు పేరు రాయించుకున్నాడు. సర్కారు షరతు అందరికీ ఒకటే. ఐదేళ్లు ఆ నేలమీదే కాపురముండి దున్నితే పట్టా మీది. మధ్యలో ఆరు నెలలు ఇల్లు వదిలేశారని ఎవరైనా నిరూపిస్తే మొత్తం పోతుంది, నిరూపించినవాడికే ముందు దక్కుతుంది. నాలుగేళ్లు ఇద్దరూ మట్టి ఇల్లు కట్టి, గడ్డినేల చీల్చి, గోధుమలు తీశారు. ఇంకో కూతురు పుట్టింది, మగ్దలేనా. ఐదో ఏడు నడుస్తుండగా, అక్టోబరులో, యోహాన్నెస్ బావి తవ్వుతుంటే గోడ విరిగి మీద పడింది. తవ్వి తీసేసరికి అంతా అయిపోయింది.

మాలో ఒక ఆచారం ఉంది. ఎదిగిన కొడుకు లేని విధవ మొగుడి అన్న ఇంటికి పోవాలి. ఆరు నెలలు తిరక్కుండా పెద్దలు పెళ్లాం పోయినవాణ్నొకణ్ని వెతికి ముడిపెడతారు. ఆడది కొత్త మొగుడి ఇంటికి, పొలం పాత ఇంటిపేరు వాళ్లకి. ఇందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ రోజున నన్నడిగితే పొమ్మనే చెప్పేదాన్ని.

యోహాన్నెస్ అన్న గొట్లీబ్ గారు మా సంఘం పెద్ద. పాస్టరు నెలకోసారి వచ్చేవాడు. మిగతా మూడు ఆదివారాలు ఆరాధన నడిపేది గొట్లీబ్ గారే, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోడానికి ఎవరు ప్రభువు బల్ల దగ్గరికి రావచ్చో ఎవరు రాకూడదో చెప్పేదీ ఆయనే. దుర్మార్గుడు కాదు. జబ్బు చేసినవాడి పంట కోసిపెట్టేవాడు, అనాథ పిల్లకి చెప్పులు కుట్టించేవాడు. కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన పెద్దకొడుకుకు పెళ్లీడు వచ్చింది, పొలం లేదు. పక్కనే తమ్ముడి పొలం, దానిమీద ఒక విధవ, ఇద్దరు ఆడపిల్లలు. మీరే ఆలోచించుకోండి.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరం చర్చిలో భోజనం చేశాం. రొసీనా ఏమీ తినలేదు. చీకటి పడకముందే పిల్లల్ని తీసుకుని ఇంటికి పోతానని లేచింది. నేను తోడు వెళ్లాను. ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే పిడకల గూడు లేదు.

మాకు వంటచెరుకంటే పిడకలే. కనుచూపు మేర ఒక్క చెట్టు లేని నేల ఇది. బొగ్గు కొనే స్థోమత పట్నంవాళ్లకి. చలికాలమంతా కొట్టంలో పోగైన పేడని వసంతంలో గడ్డితో కలిపి గుర్రాలతో తొక్కించి, పారతో ఇటుకల్లా కోసి, ఎండాకాలమంతా తిరగేసి మరగేసి ఎండబెడతాం. ఆడవాళ్ల పని. గూడు మనిషెత్తు లేస్తే ఆ ఇల్లు చలికాలం దాటుతుంది. రొసీనా గూడు ఆ ఏడు ఇద్దరు మనుషులెత్తు లేచింది. ఇప్పుడక్కడ నేలమీద గుండ్రంగా మచ్చ, రెండు బండ్ల చక్రాల జాడలు.

ఆ జాడల వెంటే గొట్లీబ్ గారింటికి నడిచాం. ఆయన వాకిట్లో గూడు ఉంది. కొడుకులు ఇంకా చేతులు దులుపుకుంటున్నారు.

"బావగారూ, ఇవి నావి," అంది రొసీనా.

"నీవే తల్లీ. ఎవరు కాదన్నారు?" అన్నాడాయన, చాలా నెమ్మదిగా. "చలికాలం మా ఇంట్లోనే ఉంటావాయె. ఒక్క పొయ్యి చాలు అందరికీ. రేపు పొద్దున వచ్చి నీ పరుపుల్నీ పిల్లల్నీ తెచ్చుకుంటాం."

"నేను వస్తానని ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది, ఎప్పట్నించో ఉన్న పద్ధతే కదా. పిడకలు లేకుండా ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటావమ్మా?"

పొమ్మనలేక పొగబెట్టడం లోకంలో ఉన్నదే. మా పెద్దాయన పొమ్మనలేక పొగే లేకుండా చేశాడు.

రొసీనా ఆ గూడు వంక ఒకసారి చూసింది. వాకిట్లో ఆయన భార్య ఫ్రెడెరీకా నిలబడి ఉంది, చేతులు ఏప్రన్ కింద దాచుకుని. రొసీనా ఆవిడ వంకా చూసింది. ఆవిడ తల దించుకుంది. "సరే, ఎన్నాళ్లుంటానో చూద్దురుగాని," అని రొసీనా తిరిగి నడిచింది. దారిలో నేనే ఏడ్చాను, ఆవిడ కాదు.

మర్నాటి నుంచి గడ్డి మెలికలు మొదలుపెట్టింది. మాకు తూర్పున ఉండే నార్వేవాళ్లు బొగ్గు దొరకనప్పుడు గడ్డిని తాడులా మెలితిప్పి, మడిచి ముడేసి పొయ్యిలో వేస్తారు. ఎవరి దగ్గర చూసిందో ఏమో, చేతికి అందిన గడ్డినల్లా మెలితిప్పడమే. ఏడేళ్ల ఒటీలియా గడ్డి అందిస్తుంది, చిన్నది ముడులు లెక్కపెడుతుంది, అదీ పది వరకే. మెలిక భగ్గున మండి ఐదారు నిమిషాల్లో బూడిదవుతుంది. ఇంకోటి వెయ్యాలి. రోజంతా అంతే. నేను ఒకసారి గోతాంలో పిడకలు మోసుకుపోతే సగం తీసుకుని సగం వెనక్కి ఇచ్చింది.

"ఉంచుకో వదినా, మాకున్నాయి," అన్నాను.

"మీ ఇంటికీ అదే చలికాలం సలోమీ. అయినా నీ మొగుడికి చెప్పకుండా తెచ్చావు, అవునా?"

"ఆయనకు చెప్తే ఇంకో నెల ఆలోచిస్తాడు."

ఆవిడ నవ్వింది. మొగుడు పోయాక నవ్వడం అదే మొదలు. చేతులు చూశాను. వేళ్ల సందుల్లో చీలికలు పడి నెత్తురు గడ్డకట్టి ఉంది. పందికొవ్వు రాసుకుని గుడ్డ చుట్టుకుని మళ్లీ మెలితిప్పేది.

నవంబరులో పెద్దలు సంబంధం పంపించారు. క్రిస్టోఫ్ అని, ఆరుగురు పిల్లల తండ్రి, పెళ్లాం పోయి నాలుగు నెలలు. కొత్త కోటు వేసుకుని, మీసం దువ్వుకుని, బండిలో వచ్చాడు. రొసీనా కూర్చోబెట్టింది, నూడుల్స్ సూపు పోసింది, పుచ్చకాయ ఊరగాయ పెట్టింది. ఆయన ధైర్యం తెచ్చుకుని విషయం ఎత్తేసరికి ఆవిడ నేలమాళిగలోకి దిగి ఇంత గుమ్మడికాయ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. మా పాత దేశంలో పక్క ఉక్రేనియన్ ఊళ్లలో పిల్ల ఒప్పుకోకపోతే అలాగే పంపుతారు. క్రిస్టోఫ్‌కి ఆ సంగతి తెలుసు. పాపం, ఆ గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకునే అందరిళ్ల ముందునుంచీ బండి తోలుకుపోయాడు. పిల్లలు వారం రోజులు తిన్నారట. గొట్లీబ్ గారు మాత్రం ఆ ఆదివారం లొంగని మెడల గురించి గంటన్నర ప్రసంగించారు.

చలికాలం ముదిరింది. మా ఆడవాళ్లకి ఒక అలవాటు. పొద్దున లేవగానే కిటికీ మంచు గీకి చుట్టుపక్కల పొగగొట్టాలు చూస్తాం. ఫలానా ఇంట్లో పొగ లేస్తే మనుషులు బాగున్నట్టు. లేవకపోతే మగవాళ్లని తాడు కట్టి పంపిస్తాం. అందరి ఇళ్లమీదా నీలం పొగ, పిడకల పొగ, నింపాదిగా సాగుతూ ఉండేది. రొసీనా ఇంటి పొగ తెల్లగా ఉండేది, ఆగి ఆగి వచ్చేది, వెక్కిళ్లు పట్టిన పిల్లలా. ఒక మెలిక, ఒక బుస్సు. ఒక మెలిక, ఒక బుస్సు. ఊరంతా చూసేది. గొట్లీబ్ గారూ చూసేవాడు, ఆయన కిటికీ అటే ఉంది.

జనవరిలో మూడు రోజులు మంచు తుఫాను. ఎదురుగా చాచిన చెయ్యి కనబడలేదు. నాలుగో పొద్దున తెరిపిచ్చింది. చూస్తే రొసీనా ఇంటిమీద పొగ లేదు. మా ఆయన యాకోబ్ బూట్లు తొడుక్కుని నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. నేను కిటికీకి ముఖం ఆనించి దేవుణ్ని తిట్టాను. ప్రార్థన చేశానని చెప్పుకోవచ్చు, కానీ తిట్టాను. అప్పుడొచ్చింది, ఒక తెల్లని బుస్సు. తర్వాత తెలిసింది, గడ్డి వాము మంచులో కూరుకుపోతే తవ్వుకోవడానికి ఆవిడకి అంత సేపు పట్టిందట. ఆవు ఉన్న కొట్టంలో పిల్లల్ని పడుకోబెట్టి తవ్విందట.

ఏప్రిల్ మధ్యలో పట్నం నుంచి కాగితం వచ్చింది. రొసీనా అక్టోబరు నుంచి ఇల్లు వదిలేసి బావగారింట్లో ఉంటోందని, ఆరు నెలలు దాటిందని, కాబట్టి ఆ నేల ఆమెది కాదని గొట్లీబ్ గారి పెద్దకొడుకు భూమి ఆఫీసులో ప్రమాణపత్రం వేశాడు. మే తొమ్మిదిన విచారణ. కాగితం రాయించింది ఎవరో చెప్పక్కర్లేదు. దానికి సాక్ష్యం ఏంటో తెలుసా? పిడకలు! ఆవిడ చలికాలపు పిడకలన్నీ మా వాకిట్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, పిడకలు లేకుండా డకోటా చలికాలం ఎవరు దాటతారు, కాబట్టి మా ఇంట్లోనే ఉంది. ఇదీ ఆయన లెక్క. దొంగిలించిన గూడే ఆయనకు సాక్షి అయింది. విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు ఎప్పటిలాగే కూర్చున్నాం. గొట్లీబ్ గారు బైబిలు మూసి చెప్పాడు. ఇంటి గొడవను పరాయివాళ్ల కచేరీకి మోసేవాళ్లెవరైనా ప్రభువు బల్ల దగ్గరికి రావక్కర్లేదు అని. మోసింది ఎవరండీ? కానీ ఎవరూ నోరెత్తలేదు. రొసీనా మాత్రం తలెత్తి ఆయన్నే చూస్తూ కూర్చుంది. చర్చి బయట ఇంటింటి మగవాణ్నీ అడిగింది, "చలికాలమంతా నా పొగ చూశావు కదా తమ్ముడూ, వచ్చి ఆ మాట చెప్పు," అని. ఒకడికి గుర్రం కుంటిదైంది. ఒకడికి నడుం పట్టేసింది. ఒకడు తన కిటికీ అటువైపు లేదన్నాడు, మొన్నటిదాకా అటే ఉండేది. యాకోబ్ బండి కింద దూరి చక్రానికి కొవ్వు రాస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక చెప్పాను.

"నేను పోతున్నాను."

"ఏమే, మనం ఈ ఊళ్లోనే బతకాలి."

"అందుకే పోతున్నా."

"పెద్దాయన బల్ల దగ్గరికి రానివ్వడే!"

"రానివ్వకపోతే పోయె. నేను రోజూ రొట్టె చేస్తాను, ఆయనిచ్చే ముక్క కన్నా పెద్దదే."

"నోరు కడుక్కో! పాపం తగుల్తుంది."

"ఏమండీ, రేపు మీరు బావిలో పడితే నేనూ అలాగే మీ అన్న ఇంటికి పోవాలి. ఆయనకి నలుగురు కొడుకులు. అది ఆలోచించారా?"

ఆయన ఆలోచించలేదు. అప్పుడు మొదలుపెట్టాడు. ఆ వారమంతా సరిగ్గా తినలేదు. నాకూ భయంగానే ఉంది. ఇరవై మూడేళ్లదాన్ని, ఎప్పుడూ పది మందిలో నోరు విప్పినదాన్ని కాదు. చర్చిలో పాట తప్ప నా గొంతు మగవాళ్లెవరూ వినలేదు.

పట్నం ముప్ఫై మైళ్లు. రొసీనా బండిలో ముందురోజే బయల్దేరాం. ఆఫీసు గదిలో ఒక బల్ల, బల్ల వెనక బట్టతల అధికారి, మూలన బొగ్గుల పొయ్యి. ఆయన మాట మాకు రాదు, మా మాట ఆయనకు రాదు. మధ్యలో ఇనప సామాన్ల కొట్టు నడిపే జర్మన్ ఒకాయన దుబాసీ. గొట్లీబ్ గారు కొడుకుతో వచ్చాడు. సాక్షిగా ఫ్రెడెరీకాను కూడా తెచ్చాడు. ఇంటి ఇల్లాలే వచ్చి ఆవిడ మా ఇంట్లోనే ఉందంటే ఇక మా మాట వినేదెవరు?

ముందు గొట్లీబ్ గారు పిడకల సంగతి చెప్పాడు. పేడ కాలుస్తారనగానే అధికారి ముక్కు చిట్లించాడు, కానీ లెక్క ఆయనకు నచ్చింది. తర్వాత నన్ను పిలిచారు. బైబిలు మీద చెయ్యి వేశాను. చలికాలమంతా రోజూ ఆవిడ ఇంటి పొగ చూశానని చెప్పాను.

దుబాసీ అధికారి ప్రశ్న చెప్పాడు. "పశువులకి మేత వెయ్యడానికి ఎవరో వచ్చి నిప్పు రాజేసి ఉండొచ్చుగా అంటున్నారు."

అదేంటో, అప్పటిదాకా ఉన్న భయం ఆ మాటతో ఎగిరిపోయింది. పొయ్యి గురించి నాకు చెప్పేవాడా ఇతను?

"అయ్యా, పిడక అయితే రాజేసి పోవచ్చు, సగం రోజు కాలుతుంది. అది గడ్డి. ఐదు నిమిషాలకోసారి చెయ్యి పెట్టకపోతే ఆరిపోతుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి దీపాలవేళ దాకా ఆ పొగ బుస్సు బుస్సుమంటూనే ఉంది. మేతకొచ్చినవాడు అన్ని గంటలు కూర్చుని మెలికలు తిప్పుతాడా? మీరు తిప్పుతారా?"

దుబాసీ నవ్వాపుకుంటూ చెప్పాడు. అధికారి రొసీనా చేతులు చూపించమన్నాడు. చూపించింది. గోళ్లు రెండు ఊడిపోయి కొత్తవి వస్తున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు, కానీ తల ఊపి, "రైతు ఆడవాళ్ల చేతులు అందరివీ ఇంతే," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా వరకు నేను అక్కడే ఓడిపోయాం అనుకున్నాను.

అప్పుడు ఫ్రెడెరీకాను పిలిచారు. సన్నటి మనిషి, నల్ల తలగుడ్డ. బైబిలు మీద చెయ్యి పెట్టి అక్కడే ఉంచింది, తియ్యలేదు. రొసీనా మీ ఇంట్లో ఉందా అని అడిగితే, "మా ఆయన చెప్పారు కదా," అంది, చాలా మెల్లగా. అధికారి రాసుకోబోతున్నాడు.

"నేను ఒక్క మాట అడగొచ్చా?" అంది రొసీనా.

అధికారి సరేనన్నాడు. మా ఊళ్లో ఎక్కడైనా సూపులోకి పిండి కలిపేటప్పుడు తలకో గుడ్డు వేస్తారు. ఒకటి ఎక్కువైతే దుబారా, ఒకటి తక్కువైతే ఎవరి నోరో కొట్టినట్టు. రొసీనా అదే అడిగింది.

"అక్కా, మొన్న చలికాలం శనివారాలు సూపు పిండిలోకి ఎన్ని గుడ్లు కొట్టావు?"

గదిలో మగవాళ్లెవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. గొట్లీబ్ గారికీ కాలేదు, అందుకే అడ్డుపడలేదు. ఫ్రెడెరీకాకు అయింది. ఆవిడ పెదాలు కదిలాయి, ఆగాయి. మొగుడి వంక చూసింది. తర్వాత బైబిలు మీదున్న తన చేతి వంక చూసుకుంది.

"తొమ్మిది," అంది.

"మీ ఇంట్లో మీరెంతమంది?"

"మేమిద్దరం, పిల్లలు ఏడుగురు."

"నేనూ, నా ఇద్దరు పిల్లలూ ఉంటే?"

"పన్నెండు కావాలి." గొంతు కొంచెం పెరిగింది. "పన్నెండు ఎప్పుడూ కొట్టలేదు."

గొట్లీబ్ గారు లేచాడు. "ఆవిడకి లెక్క తెలీదు. మర్చిపోయింది."

ఫ్రెడెరీకా అప్పుడు మొగుడి వైపు పూర్తిగా తిరిగింది. "ఇరవై రెండేళ్లుగా నేనే వడ్డిస్తున్నాను. మీరు ఏనాడైనా లెక్కపెట్టారా? మీ ముందుకి ఒక్క పూటైనా ఖాళీ పళ్లెం వచ్చిందా?" తర్వాత దుబాసీకి చెప్పింది, ఆయనకు అందేలా ఒక్కో మాటా విడదీసి. "రాసుకోమనండి. ఆ పిడకలు ఈయనా నా కొడుకులూ సమాధి రోజున తోలుకొచ్చారు. ఆవిడ వెనకాలే వచ్చి అడిగింది. ఇవ్వలేదు. నేను అక్కడే ఉన్నాను. ఉండి నోరు మూసుకున్నాను."

అధికారి కలం పక్కన పెట్టి, దుబాసీ చేత గుడ్ల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. పది నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు. ప్రమాణపత్రం కొట్టేశారు. రొసీనా అక్టోబరు నుంచి తన ఇంట్లోనే ఉన్నట్టు రాసుకున్నారు. మిగిలిన గడువు పూర్తయితే పట్టా ఆవిడ పేరుమీదే.

బయట వీధిలో గొట్లీబ్ గారు మా బండి దగ్గరికి వచ్చాడు. అరవలేదు. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది కూడా, నిజం చెప్పొద్దూ. ఆయన లోకంలో ఆయన చేసింది న్యాయమే.

"గెలిచావమ్మా. బాగానే ఉంది. నీకు కొడుకుల్లేరు. రేపు నీ తర్వాత ఆ నేల ఎవరు దున్నుతారు? అదైనా ఆలోచించావా?"

"నా తర్వాత సంగతి నా తర్వాత చూసుకుందురు బావగారూ. నేనింకా మొదలే పెట్టలేదు."

ఫ్రెడెరీకా రెండు బండ్ల మధ్య నిలబడింది. "నేను వీళ్లతో వస్తాను. మీరిద్దరూ వెనక రండి," అని పావడా ఎత్తిపట్టుకుని మా బండి ఎక్కింది. ముప్ఫై మైళ్లూ ముగ్గురం పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టు దారిలో ఉమ్ముకుంటూ వచ్చాం. ఇంటికెళ్లాక ఆవిడ ఏం పడిందో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగాల్సింది. ఆ తప్పు నా మీద ఉంది.

ఏడాదిపాటు మా ముగ్గుర్నీ ప్రభువు బల్లకు దూరం పెట్టారు. ప్రతి ఆదివారం ముగ్గురం ఎడమవైపు మొదటి బెంచీలోనే కూర్చున్నాం, ఆయన కళ్లెదుట. పట్టా రొసీనా పేరున వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కరువులు చూసింది, మిడతల్ని చూసింది, దుమ్ము తుఫానుల్లో తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని దున్నింది. ఆడపిల్లలకి ఆవునీ పరుపునీ ఇచ్చి పంపే మా ఊళ్లో చెరి ఎనభై ఎకరాలు రాసిచ్చింది. అల్లుళ్ల పేర్లు కూడా చేర్చమని వియ్యంకులు అడిగితే, "వాళ్లు నా కడుపున పుట్టలేదుగా," అంది. మితభాషిణి అన్నాడే పాస్టరు, ఆ ఒక్కటీ నిజమే. చాలా తక్కువ మాటల్లో తేల్చేసేది.

కానీ నాకు అన్నిటికన్నా గుర్తుండేది తీర్పు అయి మేం పట్నం నుంచి తిరిగొచ్చిన మర్నాడు. ఆ ఏడు మంచు ఆలస్యంగా కరిగింది, అందరూ అప్పుడే దుక్కి మొదలుపెడుతున్నారు. పొద్దున నేను లేచేసరికి యాకోబ్ పక్కన లేడు. మా గుర్రాలు లేవు, నాగలి లేదు. రొసీనా పొలం వైపు చూస్తే గట్టున నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. జీవితంలో పెద్దాయనకు ఎదురు చెప్పని మనిషి, ఆయన కిటికీకి ఎదురుగా, పట్టపగలు. నేను పరుగెత్తాను.

"వదినా, మొదటి రెండెకరాలు నేను దున్నిపెడతాను," అంటున్నాడు. "నీ చేతులు అలా ఉన్నాయి. ఆ రోజు నేను రావాల్సింది. రాలేదు."

"రాలేదు," అంది రొసీనా. ఊరుకోబెట్టే మాట ఒక్కటీ అనలేదు. "రేపు రా తమ్ముడూ. రేపు రెండు నాగళ్లూ కడదాం. ఇవాళ మాత్రం నేనే."

తన జతను నాగలికి కట్టింది. వేళ్లు ముడుచుకోవడం లేదు, పగ్గాలు పట్టు దొరకడం లేదు. రెండు పగ్గాలూ కలిపి ముడేసి మెడ వెనక్కి వేసుకుంది. మణికట్లతో నాగలి పిడి నొక్కిపట్టి అదిలించింది. నేల ఇంకా లోపల గట్టిగా ఉంది. నాగలి ఎగిరి పడుతోంది, పగ్గం మెడకి కోసుకుంటోంది. మొదటి చాలు పాములా వంకర తిరిగింది. ఒటీలియా చిన్నదాని చెయ్యి పట్టుకుని చాలు పక్కనే నడుస్తోంది. యాకోబ్ ఆపబోయి నా ముఖం చూసి ఆగాడు.

గట్టు అవతల గొట్లీబ్ గారి పొలంలో ఆయన కొడుకులు ముగ్గురు నాగళ్లు ఆపేసి చూస్తున్నారు. ఒకడు వంకర చాలు చూపించి ఏదో అన్నాడు, మిగతా ఇద్దరూ నవ్వారు. రొసీనా చివరిదాకా వెళ్లి గుర్రాలను తిప్పింది. వాళ్లకి పది గజాల దూరంలో నిలబడి ఊపిరి తీసుకుంది. మెడమీద నెత్తుటి చార, దానిమీద చెమట.

"ఏంట్రా చూస్తున్నారు?" అని అరిచింది, మా ఇంటిదాకా వినబడేలా. "వంకరగా ఉందా? ఉండనీ. ఇది నాది!"